ఆ ఫొటో బెంగాల్‌ది కాదు, మనది



ఎముకల గూళ్లలాంటి మనుషులు గుంపుగా కూర్చున్న పాత ఫొటో ఒకటి ఫోన్లలో తరచూ తిరుగుతుంటుంది. కింద "1943 బెంగాల్ కరువు" అని రాసి ఉంటుంది. మన సంఘం గ్రూపులోకీ వచ్చింది. చాలామంది దండం బొమ్మ పెట్టి వదిలేశారు. కానీ అది బెంగాల్‌ది కాదు. మన మద్రాసు రాజధానిలో 1876-78లో వచ్చిన ధాత కరువుది. మాతోపాటు బడిలో చదివిన తమిళులు దాన్నే తాదు వరుష పంజం అంటారు. బళ్లారి, కర్నూలు, కడపతోపాటు మన ఉత్తర ఆర్కాడు జిల్లా కూడా అందులో మాడిపోయింది. దక్షిణాదిన చనిపోయినవాళ్లు యాభై లక్షలకు పైనే అని చాలామంది చరిత్రకారుల అంచనా. అంటే ఆ ఫొటోలో ఉన్నది ఎవరో కాదు, మన ముత్తాతల కాలపు మనుషులు. రాత తప్పితే మనవాళ్లే మనకు పరాయివాళ్లయిపోతారు.

ఆ ఫొటోలు తీసింది విల్లోబీ వాలస్ హూపర్ అనే మద్రాసు సైన్యపు అధికారి. అప్పటి కెమెరా మూడు కాళ్ల మీద నిలబెట్టేది, లోపల గాజు పలక ఉండేది. ఎదుటివాళ్లు కదలకుండా ఉండాలి. నిలబడే ఓపిక లేనివాళ్లను వరుసగా సర్ది, కదలకండి అని చెప్పి తీసిన ఫొటోలవి. ఒకదాని కింద "ఉచిత సాయానికి అర్హులు" అనే అర్థం వచ్చే మాట ఉంది. పేరు లేదు, ఊరు లేదు. ఫొటో తీశాడే కానీ వాళ్లకు తిండి పెట్టలేదని హూపర్ మీద నింద వచ్చింది. అదే మనిషి 1886లో బర్మాలోని మాండలేలో, ఖైదీలను కాల్చి చంపే క్షణాన్ని ఫొటో తీయడానికి చూశాడని గొడవయింది, విచారణ కూడా జరిగింది.

ఇక ఆ ఫొటోలో కనబడని సంగతి చూద్దాం. ఆకలి కనబడుతుంది, దానికి కారణం కనబడదు. వానలు తప్పాయి, నిజమే. కానీ రైలు లేక ధాన్యం రాలేదనడానికి లేదు. 1856లోనే రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా బండి నడిచింది. 1862కి ఆ లైను పడమటి తీరంలోని బేపూరు చేరింది. కరువునాటికి కాట్పాడి, గుడియాత్తం మీదుగా రైలు పోతూనే ఉంది. ధాన్యం వచ్చింది, ధర ఆకాశానికి ఎక్కింది, కూలివాడి చేతిలో డబ్బు లేదు. బట్ట కొనేవాడు లేక మగ్గం ఆగిన నేతగాడి గతీ అంతే. రైల్వేలో లెక్కలు రాసిన మాబోటివాళ్లకు తెలుసు, బస్తా స్టేషన్లో దిగినంత మాత్రాన కడుపులోకి పోదు.

1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల కూలిని తగ్గించాడు. రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొంచెం చిల్లర. మట్టి మోసే మనిషికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఫొటోలో టెంపుల్ లేడు, కార్నిష్ లేడు, ధర పెంచిన వర్తకుడూ లేడు. ఎండిన మనిషి ఒక్కడే ఉన్నాడు. తప్పంతా ఆకాశానిదే అని చూసేవాడు అనుకుంటాడు.

అయితే ఆ ఫొటోలు తీయకుండా ఉండాల్సిందా? అలా అనలేం. అప్పటి పత్రికలు ఫొటోను నేరుగా అచ్చువేయలేవు, చెక్కిన బొమ్మలుగా వేసేవి. లండన్ వారపత్రికల్లో అలాంటి కరువు బొమ్మలు వచ్చాయి. అక్కడి లార్డ్ మేయర్ నిధికి లక్షల పౌన్లు చేరాయి. కెవిన్ కార్టర్ 1993లో సూడాన్‌లో తీసిన ఫొటో, బిడ్డ వెనక రాబందు కూర్చున్నది, అందరికీ తెలుసు. అదీ లోకాన్ని కదిలించింది, నువ్వేం చేశావని తీసినవాణ్నీ అడిగించింది. రెండూ న్యాయమే. ఫొటో వల్ల మేలు జరిగినంత మాత్రాన అందులోని మనిషికి బాకీ తీరిపోదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2021 నవంబరులో కౌండిన్య నది పొంగి గుడియాత్తం ఒడ్డు ఇళ్లు మునిగాయి. పేరణాంబట్టులో గోడ కూలి తొమ్మిదిమంది పోయారు. అలాంటి రోజుల్లో సాయం చేసే సంఘాల ఫొటోలు ఎలా ఉంటాయి? ఒక బియ్యం సంచి, దాన్ని పట్టుకున్న పది చేతులు, మధ్యలో తలవంచుకున్న ఒక ముసలమ్మ. ఇచ్చినవాళ్ల పేర్లన్నీ కింద వరుసగా ఉంటాయి. ఆమె పేరు ఉండదు. హూపర్ ఫొటోకూ దీనికీ తేడా ఎంత? ఆమె మనవడు రేపు ఆ ఫొటో చూస్తే ఏమనుకుంటాడు?

లెక్క చూపాలి కదా అంటారు. చూపాలి. సంచులు చూపండి, రసీదులు చూపండి, ఇచ్చినవాళ్లు నిలబడండి. తీసుకున్నవాళ్ల ముఖం మాత్రం వాళ్లు మనసారా ఒప్పుకుంటేనే వేయాలి. చెయ్యి చాచి నిలబడ్డ మనిషి "తియ్యండి" అంటే అది ఒప్పుకోవడం కాదు, ఎలా కాదంటారు పాపం? ముందు సంచి ఇచ్చేసి, తరవాత అడగాలి. ఏ పాత ఫొటో పంపినా ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తీశారు అని చూసుకుని పంపాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని తీర్మానంగా పెట్టమని కోరుతున్నాం. పెద్దలు, పిల్లలు తమ అభిప్రాయం చెప్పండి. కాదనేవాళ్లు ఉంటే వాళ్ల మాట ముందు వింటాం.