శవాన్ని కడిగేశారు, సాక్ష్యం పోయింది!

జాక్ ద రిప్పర్ మీద వీడియోలు బోలెడు చూసుంటారు. వాడెవడు అన్న గొడవ ఈరోజు మనకొద్దు. చచ్చిపోయినవాళ్లని ఎక్కడ పెట్టారు? దాని గురించి మాట్లాడుకుందాం.

1888 ఆగస్టు 31, తెల్లవారుజాము. తూర్పు లండన్‌లో వైట్‌చాపెల్. చుట్టుపక్కల రేవులు, గోడౌన్లు, వర్క్‌షాపులు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. బక్స్ రో అనే వీధిలో మేరీ ఆన్ నికోల్స్ గొంతు కోసి పడి ఉంది. డాక్టర్ చూసి మార్చురీకి పంపమన్నాడు.

మార్చురీ అంటే ఐస్ పెట్టెలు ఊహించుకోకండి. గతిలేనివాళ్లని పెట్టి పని చేయించే సర్కారు శాలని వర్క్‌హౌస్ అనేవారు. దానికి చెందిన ఒక షెడ్డు అది. కాపలా కూడా అక్కడి పేదవాళ్లదే. పొట్ట మీద గాయాలున్నాయని ఆ షెడ్డులో ఒక ఇన్‌స్పెక్టర్ చూసేదాకా ఎవరికీ తెలీదు! డాక్టర్‌ని మళ్లీ పిలిపించారు. వర్క్‌హౌస్ మనుషులిద్దరు బట్టలు విప్పేసి, ఒళ్లంతా కడిగేశారు.

విచారణలో పోలీసులేమో "ముట్టుకోవద్దని చెప్పాం" అన్నారు. వాళ్లేమో "మాకెవరూ చెప్పలేదు" అన్నారు. ఒంటి మీద ఏ బట్టలున్నాయంటే, వాళ్లలో ఒకతను తనకి జ్ఞాపకశక్తి తక్కువని ఒప్పుకున్నాడు. వాళ్లని తిట్టడం ఈజీ. కానీ ఆ పని వాళ్లకి నేర్పిందెవరు?

సెప్టెంబర్ 8న యానీ చాప్మన్. అదే షెడ్డు. ఈసారి ఇద్దరు నర్సులు కడిగేశారు.

అనుమానపు చావుల్ని విచారించే అధికారిని కరోనర్ అంటారు. అక్కడి కరోనర్ విన్ బాక్స్టర్‌కి ఒళ్లు మండి, ఇది మార్చురీయే కాదు, శవాన్ని ఇక్కడికి తేవడమే తప్పని ఓపెన్‌గా అనేశాడు.

ఇంగ్లండ్‌లో చావుల రిజిస్టర్ 1837 నుంచే ఉంది. కారణం రాయడానికి గడి ఉంది, శవాన్ని సరిగ్గా చూడ్డానికి గది లేదు. ఇంట్లోనే ఉంచుదామంటే, పిల్లలు తిని పడుకునే గదిలోనే రోజుల తరబడి శవం ఉంటోందని ఎడ్విన్ చాడ్విక్ 1843లోనే రిపోర్టు ఇచ్చాడు. 1866 చట్టం స్థానిక సంస్థలు మార్చురీ "కట్టొచ్చు" అంది. కట్టొచ్చు అంటే మీకు తెలుసుగా, పన్ను డబ్బులు ఖర్చుపెట్టాలంటే ఎవరికీ చెయ్యి రాదు. లండన్‌లో "కట్టాల్సిందే" అని 1891లో కొత్త చట్టం వచ్చింది.

మరి విచారణలు? చాలాచోట్ల పబ్బుల్లోనే. జ్యూరీ శవాన్ని కళ్లారా చూడాలని రూల్, కాబట్టి దగ్గర్లో పెద్ద గది ఎక్కడుంటే అక్కడ. వేరే చోటు దొరికితే పబ్‌లో పెట్టొద్దని 1902లో గానీ చట్టంలో రాయలేదు.