ఇంటి గుట్టు, మనిషి ఏకాంతం: ఉత్తరాంధ్ర కథాసాహిత్యంలో ఉత్తరం నుంచి ఫోను దాకా

ఇటీవలి కథల్లో ఒక ధోరణి విరివిగా కనిపిస్తోంది. భార్యాభర్తల మధ్య అనుమానం పుడుతుంది, కారణం ఫోను. తండ్రీకొడుకులు పలకరించుకోరు, కారణం ఫోను. కథ చివర ఎవరో ఒకరు ఫోను పక్కన పడేస్తారు, కుటుంబం మళ్ళీ ఒక్కటవుతుంది. యంత్రం రాకముందు మనుషుల మధ్య ఆత్మీయత నిండుగా ఉండేదనీ, ఎవరి రహస్యాలు వారి దగ్గర భద్రంగా ఉండేవనీ ఈ కథలు మనచేత ఒప్పించజూస్తాయి. చరిత్ర ముందు నిలిచే వాదన కాదిది. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు మనకిచ్చిన కథాసాహిత్యాన్ని మాత్రమే తీసుకుని పరిశీలించినా ఆ సంగతి బోధపడుతుంది.

ముందుగా మాటల విషయం తేల్చుకోవాలి. ‘గోప్యత’ అన్నది కోర్టు తీర్పుల ద్వారా, పత్రికల ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన మాట. జనం నోట ఉన్నవి గుట్టు, చాటు, మరుగు. వీటిలో గుట్టు ఇంటికి చెందినది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్నారు. ఫలానా అమ్మాయి గుట్టుగా కాపురం చేసుకుంటోందని మెచ్చుకుంటే, మొగుడి తాగుడూ, అత్త ఆరళ్ళూ, అప్పులవాళ్ళ మాటలూ గడప దాటనీయడం లేదని అర్థం. అంటే గుట్టు ఇంటి యజమాని సొత్తు, కాపలా మాత్రం కోడలిది. కుటుంబ వ్యవస్థకూ వ్యక్తిగత ఆస్తికీ ఉన్న ముడిని ఎంగెల్స్ 1884లోనే విప్పి చూపించాడు. మన భాషలో ఆ ముడికి పెట్టిన ముద్దుపేరు గుట్టు. ఇంట్లో ఒక్కొక్క మనిషికీ తనదంటూ ఉండవలసిన ఏకాంతం ఇంకొకటి. కొత్త సాధనం ఏది వచ్చినా ఇంటి గుట్టును బద్దలు కొట్టిందా, మనిషి ఏకాంతాన్ని దోచుకుందా అని విడివిడిగా అడగాలి. ఈ రెంటినీ కలగలిపినందువల్లే నేటి కథ తడబడుతోంది.

గురజాడ ఈ తేడాను గుర్తించాడు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో కొత్త రూపం తొడుక్కుంది. ఆ వ్యవధికి కాస్త అటూ ఇటూగా ఈ దేశంలో పోస్టుకార్డు (1879), మనియార్డరు (1880) వచ్చాయి. 1893-96 సంవత్సరాల నడుమ ఈస్టుకోస్టు రైలు మార్గం మన ప్రాంతం మీదుగా పడింది. 1898లో బ్రిటిషు ప్రభుత్వం పోస్టాఫీసు చట్టం చేసి, జనం ఉత్తరాలను అడ్డగించే అధికారాన్ని తన చేతిలో ఉంచుకుంది. మనుషుల మాట దూరాలు దాటడం నేర్చుకున్న కాలమే, ఆ మాటను దారిలో ఆపగలిగే చేయి కూడా బలపడిన కాలం.

నాటకం మొదటి అంకంలో మధురవాణి ఇంట మంచం కింద రామప్పంతులు నక్కుతాడు. పూటకూళ్ళమ్మకు భయపడి గిరీశమూ అక్కడికే చేరతాడు. దీన్ని మనం హాస్యసన్నివేశంగానే చూసి నవ్వి ఊరుకుంటాం. కాని ఊళ్ళోని పెద్దమనుషుల గుట్టంతా ఒక వేశ్య మంచం కింద పోగుపడి ఉందని చెబుతోందది. గిరీశం లుబ్ధావధాన్లుకు రాసిన ఉత్తరం కూడా మధురవాణి ఎదుటే బయటపడుతుంది. కుటుంబమనే గుట్టుకు వెలుపల సమాజం నిలబెట్టిన స్త్రీ కనుకనే, అందరి గుట్టూ ఆమెకు తెలిసింది. చివరి అంకంలో మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు దగ్గరకు వెళ్ళి, ఆ ఎరుకను ఆమె న్యాయం వైపు వినియోగించింది.

1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ‘దిద్దుబాటు’లో మంచం మళ్ళీ వస్తుంది. అర్ధరాత్రి దాటాక సానిపాట విని ఇంటికి వచ్చిన గోపాలరావుకు భార్య కనిపించదు, ఆమె రాసిన ఉత్తరం కనిపిస్తుంది. అతను చదువుతాడు, కంగారుపడతాడు, తనను తాను నిందించుకుంటాడు. ఇదంతా మంచం కింద ఉన్న కమలిని వింటూనే ఉంటుంది. కన్యాశుల్కంలో తప్పు చేసి దొరక్కుండా దాక్కున్నవారు మగవాళ్ళు. ఇక్కడ దాక్కున్నది తప్పును దిద్దబోతున్న ఆడది. వినేవారి స్థానంలోకి భార్య వచ్చింది. ఆమెకు ఆ శక్తి ఇచ్చింది చదువు. ఆనాటికి స్త్రీ చేతిలో కలం రైలింజనుకు తీసిపోని కొత్త యంత్రమే. అది ఇంటి గుట్టును విప్పింది, సంసారం కూలిపోలేదు, నిలబడింది.

ఈ కథలో మనం సాధారణంగా పట్టించుకోని మూడో మనిషి ఉన్నాడు. నౌకరు రాముడు. యజమాని కంగారూ, కోపమూ, కాపురం సంగతులూ అతని ఎదుటే దొర్లిపోతాయి. అతను అక్కడ ఉండడం గోపాలరావుకు ఏమాత్రం అడ్డం కాదు. మధ్యతరగతి తన ఏకాంతాన్ని లెక్కవేసుకునేటప్పుడు పనివాడు లెక్కలోకి రాడు. అతనికీ ఒక ఏకాంతం ఉండవచ్చునన్న ఊహే పుట్టదు. 1740లో వచ్చిన రిచర్డ్‌సన్ నవల ‘పమేలా’లో పనిపిల్ల రాసుకున్న ఉత్తరాలను యజమాని చేజిక్కించుకుని చదువుతాడు. ఇంగ్లీషు నవల తొలిరోజుల్లోనే ఇతరుల ఉత్తరాలు విప్పి చదివే రుచి ఉంది. మన రాముడికి ఉత్తరం రాసే అవకాశాన్ని కథ ఇవ్వలేదు.

రాముడి వర్గానికి పోస్టుకార్డు ఏం చేసిందో గమనిద్దాం. బతుకుతెరువుకు మన జిల్లాల నుంచి వేలాదిమంది రంగం వెళ్ళారు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనే అన్నారు. 1942లో యుద్ధం తరిమేదాకా ఆ రాకపోకలు సాగాయి. తర్వాత ఖరగ్‌పూరూ, జంషెడ్‌పూరూ. అక్కడి నుంచి వచ్చిన కార్డుముక్కను ఊళ్ళో పోస్టుమానో, పంతులుగారో, బడికి వెళ్ళే పొరుగింటి కుర్రాడో చదివిపెట్టాలి. ఎవరు చదువుతారో రాసేవాడికి తెలుసు, రాయించేదానికీ తెలుసు. అందుకే కార్డు నిండా క్షేమసమాచారాలే. పెళ్ళాన్ని పెళ్ళాంగా పలకరించే ఒక్క మాటకు ఆ కార్డులో చోటు లేదు. మూలలకు పసుపు ఉంటే శుభం, చావు కబురైతే చదవగానే చింపెయ్యడం. కార్డు చేతికి అందేలోగా ఇంటి సంగతి వీధికి తెలిసిపోయేది. పేదవాడి ఏకాంతాన్ని సెల్‌ఫోను వచ్చి కొత్తగా పోగొట్టిందనేవారు ఈ చరిత్రను మరిచినవారు.

అభ్యుదయ కథకులు ఈ లేమిని ఆర్థిక పునాదితో కలిపి చూశారు. చాసో ‘వాయులీనం’లో భార్య జబ్బు ఖర్చులకు ఆమె ఫిడేలు అమ్ముడుపోతుంది. ఆమె ఏకాంతమంతా ఆ వాద్యంలోనే ఉంది. భర్త దుర్మార్గుడు కాడు, డబ్బు లేనివాడు. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో గుమాస్తా సుబ్బయ్యకు ఇంట్లో భార్య చూపు, ఆఫీసులో పైవాళ్ళ చూపు, వీధిలో కంట్రాక్టరు గవరయ్య దగ్గర తీసుకున్న డబ్బు తాలూకు భయం. అతనికి మిగిలిన చాటల్లా సొంత బుర్ర ఒక్కటే. రచయిత చైతన్యస్రవంతి పద్ధతిలో ఆ బుర్రలోకే చొరబడ్డాడు.

ఇక్కడొక ధర్మసందేహం రావాలి. ఇతరుల మనసు విప్పి చదివే కథకుడికీ, ఇతరుల ఉత్తరం విప్పే అధికారికీ తేడా ఏమిటి? ఎవరి పక్షాన ఉండి చూస్తున్నారన్నదే తేడా. సుబ్బయ్య భయాన్ని రావిశాస్త్రి గవరయ్యల చేతికి అందించలేదు. ఆ భయాన్ని పుట్టించిన వ్యవస్థను సుబ్బయ్యలకు చూపించాడు.

1966లో ‘యువ’లో అచ్చయిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో గుట్టు, ఏకాంతం రెండూ లేని మనిషి కనిపిస్తాడు. అప్పల్రాముడి అప్పు ఊరుమ్మడి వ్యవహారం. షావుకారు లెక్కలు పుస్తకంలో మరుగున ఉంటాయి, అప్పల్రాముడి బతుకు మాత్రం పంచాయతీలో నలుగురి ముందు విప్పి పరిచి ఉంటుంది. తండ్రీకొడుకుల సంబంధం కూడా ఆ సభలోనే తేలాలి. కొడుకు సీతారాముడు తన బిడ్డను తానే నరికి తెచ్చి ఆ సభ ముందు పడేయడంతో కథ ముగుస్తుంది. అక్కడ ఏ యంత్రమూ లేదు. ఉన్నదల్లా అప్పుపత్రం, పెద్దమనిషి మాట.

ఆ తర్వాతి సాధనాల చరిత్ర వేగంగా నడిచింది. 1980ల చివర ఎస్టీడీ బూతులు వచ్చాయి. ఫోనున్న పొరుగింటివారి నంబరే పీపీ నంబరుగా ఇచ్చుకున్నారు. వలస వెళ్ళిన భర్తతో మాట్లాడాలంటే ఆ ఇంటి హాల్లో, ఇంటిల్లిపాదీ వింటుండగా, ‘ఆఁ, బాగున్నాం’ అని పెట్టెయ్యాలి. కార్డుముక్కకు నోరొచ్చినట్టయింది. 1995లో దేశంలో మొదలైన సెల్‌ఫోను పల్లెలకు పాకాకే పేద ఆలుమగలకు మూడో మనిషి లేని మాట దక్కింది. ఈ మేలును చెప్పే కథలు మనకు తక్కువ.

కీడు లేదని కాదు. వేరావల్‌లోనో చెన్నైలోనో ఉన్న భర్త వీడియో కాల్ చేసి, గది నాలుగు మూలలూ చూపించమని అడిగితే, అది కొత్తరకం మంచం కింద దాక్కోవడమే. భర్త ఊళ్ళో లేకుండానే మంచం కింద ఉంటున్నాడు. ఆర్వెల్ 1949 నాటి నవల ‘1984’లో ప్రేమికులిద్దరి మధ్యా రాజ్యం కన్ను నిలిచి, చివరికి ఒకరిచేత ఒకరిని వంచింపజేస్తుంది. మన ఇళ్ళలో ఆ కన్ను చాలాసార్లు మొగుడిదో, అన్నదో. ఉపాధి హామీ పనికి వెళ్ళిన కూలి హాజరు 2023 నుంచి రోజుకు రెండు ఫొటోలతో నమోదు కావాలన్నారు. ఆమెను పనిలో ప్రభుత్వం చూస్తుంది, ఇంట్లో భర్త చూస్తాడు. తిరిగి చూసే వీలు మాత్రం ఆమెకు లేదు.

న్యాయస్థానాలూ ఈ తేడా దగ్గరే తడబడ్డాయి. విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆజ్ఞాపించడం ఆమె ఏకాంత హక్కుకు విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ.చౌదరి తీర్పిచ్చారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదంది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ప్రకటించారు. 2025 జులైలో, దంపతుల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా రికార్డు చేసిన సంభాషణను వారి మధ్య వ్యాజ్యంలో సాక్ష్యంగా తీసుకోవచ్చునని సుప్రీంకోర్టే చెప్పింది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టే దశకు వచ్చారంటే, ఆ సంబంధం అప్పటికే చెడిందని కూడా ఆ తీర్పు అన్నది. హింస పడ్డ భార్యకు ఆ రికార్డు ఆయుధం కావచ్చు, అనుమానపు భర్తకూ అదే ఆయుధం కావచ్చు. తీర్పు ఇద్దరికీ ఒక్కటే. ఎవరి చేతిలో అది ఏమవుతుందో విడదీసి చూపగలిగేది కథ.

కాబట్టి ఫోను మీద కథ రాయబూనే యువ రచయితలు ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. బద్దలైంది యజమాని గుట్టా, మనిషి ఏకాంతమా? ఆ పరికరం కొన్నదెవరు, తాళం ఎవరి దగ్గరుంది? గదిలో ఉన్నా లెక్కలోకి రాని రాముడు ఎవరు? పార్వతీపురం కొండవార నుంచి పట్నం హాస్టలుకు వచ్చిన ఆడపిల్ల తన మొదటి ఫోనుకు తాళం పెట్టుకుంటే, ఇంట్లోవాళ్ళకు అది తలపొగరుగా కనిపిస్తుంది. కమలిని కలం పట్టుకున్నప్పుడు కూడా లోకం అలాగే అనుకుని ఉంటుంది. ఆ పిల్ల కథను ఆ పిల్ల పక్షాన నిలబడి రాసినవాళ్ళు ఇంకా తక్కువ. ముందు ఆ కథలు రావాలి.