పూటకూళ్ళ ఇళ్ళు – అనపకాయల కాలం

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. సర్వీసు విషయాలు రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. అందుచేత నేను తిండి సంగతి ఎత్తుకుంటున్నాను.

డబ్బు పుచ్చుకొని పూటకింత కూడు పెట్టేది పూటకూళ్ళ ఇల్లు. తెలుగునాట ఇది చాలా పాతది. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామంలో రూకకు భోజనం పెట్టే పూటకూటిల్లు ఉంది. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మ సంగతి చెప్పనక్కరలేదు. సత్రంలో ధర్మానికి పెడతారు. ముసాఫిరు బంగళాలో అధికారులు దిగుతారు. క్యాంపుకు పోయిన గుమాస్తాకు మిగిలింది పూటకూళ్ళ ఇల్లే. మనకిచ్చే దినభత్యం అంతకు మించి సాగేదీ కాదు.

కుప్పం మీదుగా జోలార్‌పేట – బెంగుళూరు రైలు 1864లోనే నడిచింది. పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లె రోడ్డు స్టేషను ఊరికి ఎంతో దూరం. కాబట్టి చుట్టుపక్కల చేలల్లో ఏ కాలానికి ఏది పండితే విస్తరిలో అదే పడేది.

మన పడమటి తాలూకాల మెట్ట చేలల్లో రాగి ముఖ్యం. రాగి సాళ్ళ మధ్య అనప వేస్తారు. సంగటీ, దానిలోకి కూరా ఒకే చేనులో పండుతాయన్నమాట. రాగులు పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిలుస్తాయి. అందుకని సంగటి ఏడాది పొడుగునా ఉంటుంది. అనప అలా కాదు. పాత రకాలు పగటిపొద్దు కురచయితే తప్ప పూతకు రావు. ఎరువు ఎంత వేసినా తొందరపడవు. కార్తీకంలో పూత, పుష్యంలో కాయ. మంచు పడిన కాయకే వాసన అని రైతులు అంటారు.

గింజలు ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్కటిగా రెండు వేళ్ళ నడుమ పితికితే తోలు ఊడి పప్పు జారుతుంది. అదే పితికిపప్పు. కన్నడం వాళ్ళు హితకిద బేళె అంటారు. మన పాలు వాళ్ళకు హాలు అయినట్టే ఇదీను. పది మందికి వండాలంటే ఇంటిల్లిపాదీ కూర్చొని పితకాలి. కొబ్బరి, వెల్లుల్లి, ధనియాలు నూరిపోసి ఉడికిస్తే సంగటిలోకి మరొకటి అక్కరలేదు. అజమాయిషీకి చేలు చూడబోయే రోజులూ అవే. అడంగల్లో మిశ్రమ పంట అని రాసి వచ్చిందే మధ్యాహ్నం ఆకులో కనిపించేది! వేసవి జమాబందీకి చింతచిగురు పప్పు, మామిడికాయ, అంబలి. వేరుశనగ పెరికాక ఊరిబిండి.

ఒక మాట దాచకూడదు. ఈ పంక్తిలో అందరికీ చోటు ఉండేది కాదు. సత్రాలు చాలావరకు కులాన్ని బట్టి కట్టినవి. బ్రాహ్మణ భోజన హోటళ్ళలో వరి అన్నమే కాని సంగటి పెట్టేవారు కాదు. రాగి కోసి, అనప ఏరిన దళిత కూలీకి లోపల ఆకు వేసేవారు కాదు. హోటళ్ళలో, సత్రాలలో ప్రవేశం నిరాకరించడం నేరమని 1955లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా టీ దుకాణాల్లో వేరు గ్లాసులు చాలా ఏళ్ళు నడిచాయి. మన జిల్లా పాత భోజనాన్ని మెచ్చుకుంటూ రాసేవారు ఈ సంగతి వదిలేయడం నాకు నచ్చదు.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. సంగటి తప్ప ఎరుగని ఇళ్ళలో రోజూ అన్నం ఉడికింది. ఆకలి తెలిసినవారెవరూ దాన్ని తప్పుపట్టరు. అయితే రాగి చేలు తగ్గాయి, వాటితో అనప సాళ్ళూ తగ్గాయి. బోర్లు పడ్డాయి, మదనపల్లె టమోటాకు పేరుపడింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి ప్రకటించాక, ఒకప్పుడు నామోషీ అనుకున్న సంగటిని హోటళ్ళవారు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తున్నారు. చక్కెర వ్యాధి ఉన్న మన పెన్షనర్లకు డాక్టర్లూ దాన్నే చెబుతున్నారు.

పగటిపొద్దుతో పనిలేకుండా కాసే అనప రకాలను బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు తయారుచేశారు. ఇప్పుడు ఏ నెలలోనైనా కాయ దొరుకుతుంది, వాసన మాత్రం అంత ఉండదు. పుష్యమాసంలో సంతకు పోయేవారు నాటు కాయ అడిగి తీసుకోండి. ఒలిచిన గింజలు రాత్రే నానవేయాలి. పితకడానికి మనవళ్ళను, మనవరాళ్ళను కూర్చోబెట్టండి. వాళ్ళ వేళ్ళు మనకంటే చురుకు.