ఎనిమిదీ ఎనిమిదీ ఒకటేనా?

ఉదయం పదిన్నర. స్పాట్ వాల్యుయేషన్ హాల్లో ఉన్నారు మీరు. ఫోను గుమ్మం దగ్గరే అప్పగించి, రిజిస్టర్లో సంతకం పెట్టి లోపలికొచ్చారు. చేతికి ఒక ఎర్ర పెన్నూ, దారంతో కట్టిన ఒక బండిలూ ఇచ్చారు. పొడవాటి బల్లలకు అటూ ఇటూ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల నుంచి వచ్చిన అధ్యాపకులు కూర్చున్నారు. ఫ్యాను గాలికి పేపర్లు ఎగరకుండా పక్క మేడమ్ వాటి మీద టిఫిన్ డబ్బా పెట్టారు.

హాల్ టికెట్ నంబరున్న ముక్కను ముందే చింపేశారు. మిగిలింది బార్‌కోడ్ ఒక్కటే. ఎవరి బిడ్డో, ఏ కాలేజో మీకు తెలియదు. తెలియకూడదు కూడా. పేపరుకింతని డబ్బులిస్తారు కాబట్టి చేతులు చకచకా కదులుతున్నాయి.

సబ్జెక్టు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్. ఎక్స్‌టర్నల్ 60 మార్కులకు. మిగతా 40 ఇంటర్నల్ మార్కులు కాలేజీల్లోనే పడిపోయాయి. మీ ముందున్న ప్రశ్న ఇది: ఆరు మీటర్ల బీము, రెండు చివరలా ఆధారం, మీటరుకు 10 కిలోన్యూటన్ల భారం సమానంగా పరుచుకుని ఉంది. షియర్ ఫోర్సు, బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్‌లు గీయాలి. స్కీమ్ ప్రకారం రియాక్షన్లకు 2, షియర్ డయాగ్రమ్‌కు 3, మూమెంట్ డయాగ్రమ్‌కు 3, గరిష్ఠ విలువకు 2.

మొదటి పేపరు తెరవండి. ముత్యాల్లాంటి అక్షరాలు. రెండు ఆధారాల దగ్గరా 30 కిలోన్యూటన్లు, కరెక్టు. షియర్ డయాగ్రమ్ కరెక్టు. ఫార్ములా వేసి గరిష్ఠ మూమెంట్ 45 తెచ్చి, గడి కట్టాడు. అదీ కరెక్టే. కింద బొమ్మ చూస్తే మాత్రం త్రిభుజం! మధ్యలో ఒకే బరువు వేలాడదీస్తే వచ్చే ఆకారమది. భారం పొడవునా పరుచుకుంటే మూమెంట్ వంపు తిరగాలి. ఫార్ములా బట్టీపట్టాడు, బీము ఎలా వంగుతుందో మాత్రం పట్టలేదు. డయాగ్రమ్‌కు ఒకటి వేశారు. మొత్తం 8.

రెండో పేపర్లో కొట్టివేతలు ఎక్కువ. రియాక్షన్లూ షియర్ బొమ్మా బాగున్నాయి. షియర్ సున్నా అయిన చోటే మూమెంట్ గరిష్ఠమని పక్కన రాసి, నడిమికి బాణం గుర్తు వేసింది. వంపు చక్కగా గీసింది. ఫార్ములా జోలికి పోకుండా 90 లోంచి 45 తీసేసి, 55 అని రాసింది! తీసివేతలో తప్పు. గరిష్ఠ విలువకు సున్నా. మొత్తం 8.

పక్క మేడమ్‌కు రెండూ చూపిస్తే నవ్వారు. "నాకూ పొద్దుట్నుంచీ త్రిభుజాలే సార్. పిల్లలు పొడవునా పరుచుకునే యూడీఎల్‌నూ ఒకేచోట పడే పాయింట్ లోడ్‌నూ కలిపేస్తున్నారు."

చూశారా, గంటన్నరలో ఈ బల్ల దగ్గర ఒక పెద్ద సంగతి తేలింది: పాఠం ఎక్కడ ఎక్కలేదో తెలిసిపోయింది. కానీ ఇక్కణ్నుంచి మార్కుల ఓఎంఆర్ షీటు మీదికి వెళ్ళేవి అంకెలు మాత్రమే. నిజానికి ఆ సంగతి కాలేజీలకూ కావాలి. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్‌లో 2014లో భారత్ శాశ్వత సభ్యత్వం పొందింది. ఇప్పుడు ఎన్‌బీఏ (జాతీయ అక్రెడిటేషన్ బోర్డు) గుర్తింపు కావాలంటే ప్రతి కాలేజీ కోర్సు అవుట్‌కమ్‌ల అటైన్‌మెంట్, అంటే కోర్సులో నేర్వాల్సినవి పిల్లలకు ఎంతవరకు వచ్చాయో, లెక్కగట్టి చూపాలి. ప్రశ్నపత్రంలో ప్రతి ప్రశ్న పక్కనా ఆ అవుట్‌కమ్ నంబరుంటుంది. తీరా చాలా అనుబంధ కాలేజీలకు యూనివర్సిటీ నుంచి అందేది మొత్తం మార్కే. దాన్నే అన్ని అవుట్‌కమ్‌లకూ సమానంగా పంచి ఎక్సెల్ షీటు నింపుతారు. పట్టిక నిండుతుంది, త్రిభుజం సంగతి మాయమవుతుంది.

దిద్దిన జవాబుపత్రం చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అబ్బాయి అడిగి తెప్పించుకున్నా కనిపించేది మార్జిన్లో ఎర్ర ఒకటి. ఎందుకు ఒకటో ఎవరూ రాయలేదు. రాసే తీరికా లేదు, రాయమన్నవారూ లేరు.

"చీఫ్ ఎగ్జామినర్ గారికి చెబుదామా?" అన్నారు మీరు.

"చెప్తే వింటారు సార్. రాసివ్వడానికి ఫారం ఏదీ?"

కావలసింది ఆ ఫారమే. ఐసీఎస్‌ఈ పరీక్షలు నడిపే సీఐఎస్‌సీఈ, పిల్లలు ఏ ప్రశ్నలో ఎలా తప్పారో సబ్జెక్టువారీగా విశ్లేషణ అచ్చువేస్తూ వచ్చింది. పదో తరగతికి కుదిరింది బీటెక్‌కు కుదరదా? క్యాంపు ముగిసే రోజు సబ్జెక్టుకొక పేజీ, తరచూ కనబడ్డ మూడు నాలుగు తప్పులు రాసి కాలేజీలకు పంపితే, వచ్చే సెమిస్టర్లో పాఠం చెప్పేవారు ఆ త్రిభుజం దగ్గర ఇంకో పది నిమిషాలు ఆగుతారు.