మార్కులకు కొలబద్ద

ఒకప్పుడు మన దేశమున ఒక ప్రాంతపు శేరు మరియొక ప్రాంతపు శేరుతో సరిపోయెడిది కాదు. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలు జరిగిన పిమ్మట ఆ చిక్కు తీరినది. పరీక్షల మార్కులకు మాత్రము అట్టి స్థిరమైన ప్రమాణము నేటికిని లేదు. కఠినమైన ప్రశ్నపత్రములో వచ్చిన 90 మార్కులు, సులభమైన పత్రములో వచ్చిన 90 మార్కులు సమానమగునా? 1888లోనే ఎడ్జ్‌వర్త్ అను ఆర్థికశాస్త్రవేత్త పరీక్షల గణాంకములను పరిశీలించి, ఇతర కొలతలందువలె మార్కులందును దోషము తప్పదని చూపెను.

బుద్వేలు విద్యార్థికి రాజేంద్రనగరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయము ఇంటిప్రక్కదే. కాని అందు వ్యవసాయ పట్టకోర్సులో చేరవలెనన్న ప్రవేశపరీక్షలో ర్యాంకు రావలెను. ఆ ర్యాంకు ఎట్లు పుట్టుచున్నది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983 నాటి చట్టము విద్యాసంస్థల ప్రవేశములకు అర్హతపరీక్ష మార్కులనుగాని, ప్రవేశపరీక్ష ర్యాంకునుగాని ఆధారముగా చేసినది. తరువాత ఎంసెట్‌లో రెండింటిని కలుపు పద్ధతి వచ్చినది. ప్రవేశపరీక్షకు 75 పాళ్ళు, ఇంటర్మీడియట్ గ్రూపు సబ్జెక్టులకు 25 పాళ్ళు. ఇంటరులో 600కు 540 వచ్చినచో 22.5, ఎంసెట్‌లో 160కి 96 వచ్చినచో 45, మొత్తము 67.5. లెక్క సులభమే. కాని వేర్వేరు బోర్డుల పత్రములు, మూల్యాంకనము ఒకే తీరున నుండవు. ఆ మార్కులను ఉన్నవి ఉన్నట్లు కలుపుట రెండు ఊళ్ళ శేర్లను కలుపుట వంటిది.

ఈ లోపమును సవరించుటకు జాతీయస్థాయి జేఈఈ మెయిన్‌లో 2013 నుండి 2016 వరకు మరియొక మార్గము అనుసరించిరి. బోర్డు మార్కులకు 40 శాతము ప్రాధాన్యమిచ్చి, ఆ మార్కులను నేరుగా గాక, తన బోర్డులో విద్యార్థి ఎందరికంటె ముందున్నాడో తెలుపు పర్సెంటైలు ద్వారా సరిచూచిరి. 2017 నుండి ఆ ప్రాధాన్యమును తీసివేసిరి.

2018లో తెలంగాణ ఎంసెట్ కంప్యూటరుపై జరుగుట మొదలిడగా క్రొత్త సమస్య వచ్చినది. విద్యార్థులు వేర్వేరు పూటలలో వేర్వేరు పత్రములు వ్రాయుదురు. అందువలన మార్కులను సమపరచుట అవసరమైనది. దీనినే నార్మలైజేషన్ అందురు. ప్రతి పూటకు రెండు గుర్తులు తీసికొందురు. ఒకటి సగటునకు ప్రామాణిక విచలనమును కూడగా వచ్చు సంఖ్య. రెండవది మొదటి 0.1 శాతము మంది సగటు. అన్ని పూటలకు కలిపియు ఇట్టివే రెండు గుర్తులు కట్టి, పూట గుర్తులను వానితో సరిపోల్చుదురు.

ఊహించిన ఉదాహరణము చూడుడు. మొత్తము మీద గుర్తులు 70, 140 అనుకొందము. కఠినమైన పూటలో అవి 60, 120. అచట 90 వచ్చినవాడు క్రింది గుర్తుకంటె 30 ఎక్కువ. ఆ పూటలో గుర్తుల మధ్య దూరము 60 గనుక సరిగా సగము దారిలో నున్నాడు. ఉమ్మడి కొలబద్దపై సగము దారి 105. సులభమైన పూటలో గుర్తులు 80, 150 అయినచో, 115 వచ్చినవానికిని 105 మార్కులే. ఒకరికి 15 కలిసినవి, మరియొకరికి 10 తగ్గినవి. అన్యాయము ఎవరికిని జరుగలేదు.

అయితే ఈ గణితము ఒక ఊహపై నిలిచియున్నది. అన్ని పూటల విద్యార్థుల సామర్థ్యము సగటున సమానమని తలంచుటయే ఆ ఊహ. అది ఎంత నిజమో, ఫలితము అంతే న్యాయము.

తెలంగాణలో 2023లో ఇంటరు ప్రాధాన్యమును శాశ్వతముగా తొలగించిరి. ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతము తిరిగి అమలునకు వచ్చినది. బోర్డుల మధ్య అసమానత తెలంగాణలో తొలగినమాట నిజమే. కాని రెండేండ్ల చదువు ర్యాంకులో లెక్కకు రాక, ఒక్క పూట పరీక్షయే సమస్తమైనది. ఏది మేలన్నది సూత్రము చెప్పదు, సమాజమే నిర్ణయించుకొనవలెను. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై ఒక్కమారు చేసి చూపినచో, మార్కులు తగ్గిన విద్యార్థి తన్నెవరో మోసగించిరని కుములక, సగటు, విచలనము అను పాఠములు దేనికి పనికివచ్చునో స్వయముగా గ్రహించును.