ఎదురెండలో ముఖం

కావలికి తూర్పున తుమ్మలపెంట తీరం. సూర్యుడు సముద్రంలోంచే పైకొస్తాడు గనుక పొద్దుటిపూట ఇసుకలో నిలబడి పడవల వైపు కెమెరా తిప్పితే ఎదురెండే. నీళ్లు తళతళలాడతాయి, వల లాగే మనిషి ముఖం బొగ్గులా పడుతుంది.

వెలుతురు కొలిచే మీటరు లేని రోజుల్లో ఫిల్ముతో వచ్చే కాగితంలోని పట్టికే ఆధారం: నిండు ఎండకు లెన్సు ద్వారం ఎఫ్/16, ఎదురెండలో దగ్గరి ముఖానికి ఎఫ్/8. రెండు స్టాపులు, అంటే నాలుగింతల వెలుతురు. 1932లో వెస్టన్ కంపెనీ ఫొటోఎలక్ట్రిక్ మీటరు తెచ్చినా చిక్కు వదల్లేదు. మీటరు దేన్నయినా నడిమి బూడిదరంగుగానే లెక్కేస్తుంది. మెరిసే సముద్రాన్ని చూసి వెలుతురు తగ్గించమంటుంది. అందుకే తెలిసినవాళ్లు ముఖం దగ్గరకెళ్లి కొలిచి, ఆ లెక్కతోనే వెనక్కొచ్చి తీసేవారు.

1983లో నికాన్ ఎఫ్ఏ కెమెరా ఫ్రేమును 5 భాగాలు చేసి విడివిడిగా కొలిచింది. అదీ ఊహే, కాకపోతే తెలివైన ఊహ. డిజిటల్ కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 నుంచి +2 దాకా పెంచితే ముఖం తేలుతుంది, సముద్రం మాత్రం తెల్లగా మాడిపోతుంది. నెగెటివ్ ఫిల్ము ఆ అధిక వెలుతురును చాలావరకు భరించేది. డిజిటల్ సెన్సర్‌కు అంత ఓపిక లేదు. ముఖం, సముద్రం రెండూ కావాలంటే ఫ్లాషో, ముఖం మీదికి వెలుగు తిప్పే తెల్ల అట్టో ఉండాల్సిందే.