స్టాంపింగ్‌లో ఇరుక్కున్న గ్రాండ్‌మాస్టర్

స్టాంపింగ్‌కిచ్చిన పాస్‌పోర్ట్ చేతికి రాకపోతే ఎట్లుంటదో మన ఐటీ జనాలకి నేను చెప్పక్కర్లేదు. పొద్దున లేవగానే స్టేటస్ పేజీ, పడుకునే ముందు స్టేటస్ పేజీ. 2024 డిసెంబర్‌లో ఇదే బాధతో ఒక కుర్రాడు ట్విటర్‌లో (అప్పటికే అది ఎక్స్ అయిందనుకోండి) అమెరికా ఎంబసీని బతిమాలుకున్నాడు. వీసా కోసం పాస్‌పోర్ట్ ఇచ్చాను, ఇంకా తిరిగి రాలేదు, అర్జెంటుగా సింగపూర్ పోవాలి అని. అప్పటికి అతను ప్రపంచంలో నాలుగో ర్యాంక్ చెస్ ఆటగాడు. ఇరిగేశి అర్జున్. మా వరంగల్ పిల్లగాడు.

"మా" అనడానికి నీకేం హక్కు అంటారా? మాది జనగామ. అమ్మమ్మ వాళ్ళది మానుకోట, అదే మహబూబాబాద్. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్‌ది భూపాలపల్లి, సింగరేణి క్వార్టర్స్. అర్జున్ పుట్టిన 2003లో ఇదంతా వరంగల్ జిల్లానే. 2016 అక్టోబర్‌లో ముక్కలు చేసి తలా ఒక కలెక్టర్‌ని ఇచ్చారు గానీ, పెళ్ళి బట్టలకి ఇప్పటికీ అందరం పోయేది వరంగల్, హన్మకొండలకే. కాబట్టి హక్కుంది.

మా టీమ్‌లో ఒక అమెరికన్ ఉన్నాడు, బేస్‌బాల్ పిచ్చోడు. అర్జున్ పాస్‌పోర్ట్ సంగతి చెప్తే నవ్వి, "హోసే అబ్రెయు కథ తెలుసా?" అన్నాడు. తెలీదు. వెతికి చదివితే మతి పోయింది. క్యూబాలో 1961లో ప్రొఫెషనల్ ఆటలని రద్దు చేశారు. అంటే డబ్బుకి ఆడాలంటే దేశం వదిలిపోవాల్సిందే. అబ్రెయు 2013లో క్యూబా నుంచి బయటపడి, హైతీ నుంచి మయామీకి దొంగ పాస్‌పోర్ట్‌తో విమానమెక్కాడు. దిగేలోపు ఆ పాస్‌పోర్ట్‌లో ఫొటో ఉన్న పేజీ చింపి, బీరుతో కలిపి మింగేశాడట! 2017లో మయామీ కోర్టులో ఆయనే స్వయంగా చెప్పిన మాట ఇది. చికాగో వైట్ సాక్స్‌తో ఆరేళ్ళకి 6.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఎదురుగా ఉంది మరి. చిన్న కొడుకు మాత్రం క్యూబాలో ఉండిపోయాడు. క్యూబా ఆటగాళ్ళు ఇట్లా పారిపోకుండా దర్జాగా వచ్చేట్టు 2018 డిసెంబర్‌లో అమెరికా లీగ్ ఒక ఒప్పందం చేసుకుంటే, 2019 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

చెస్‌లోనూ అదే కథ, కొంచెం మర్యాదగా. హవానాలో పుట్టిన కాపబ్లాంకా (అన్నట్టు ఈయన కొలంబియా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతూ బేస్‌బాల్ కూడా ఆడాడు, ఇంజనీరింగ్ మధ్యలో మానేశాడు, మనకి చాతకాని పని) 1913లో క్యూబా విదేశాంగ శాఖలో ఉద్యోగంలో చేరాడు. ఉద్యోగం పేరుకే. దేశాలు తిరిగి ఆడటమే పని. అంటే ప్రభుత్వమే జీతమిచ్చి పంపింది! అదే క్యూబాకి వందేళ్ళ తర్వాత దొరికిన గొప్ప ఆటగాడు లెనియర్ డొమింగెజ్, 2018 చివర్లో జెండా మార్చి అమెరికా ఆటగాడయ్యాడు.

అర్జున్‌కి జెండా మార్చాల్సిన పని పడలేదు. 2024 అక్టోబర్‌లో యూరోపియన్ క్లబ్ కప్ సెర్బియాలో జరిగింది. అర్జున్ అక్కడ ఆడింది అల్కలాయిడ్ అనే మాసిడోనియా క్లబ్బుకి, అదొక మందుల కంపెనీ పేరు. స్పాన్సర్ క్వాంట్‌బాక్స్, సింగపూర్ ట్రేడింగ్ కంపెనీ, ఐదేళ్ళకి 15 లక్షల డాలర్లు. పేరు పక్కన మాత్రం మన జెండానే. అక్కడే లైవ్ రేటింగ్ 2800 దాటింది, డిసెంబర్ అధికారిక లిస్టులో 2801. మన దేశంలో ఆనంద్ తర్వాత ఇతనే. అంతకు నెల ముందే బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో 11 ఆటలకి 10 పాయింట్లు కొట్టి, టీమ్ గోల్డ్‌తో పాటు మూడో బోర్డులో సొంత గోల్డ్ కూడా తెచ్చాడు.

నాకు ఈ కథలో బాగా నచ్చింది 2800 కాదు, దానికి ముందు పడ్డ తిప్పలు. 2023లో నెదర్లాండ్స్‌లో టాటా స్టీల్ మాస్టర్స్‌కి పిలిస్తే 13 ఆటల్లో 4 పాయింట్లు, ఆఖరి స్థానం. 2024లో ఆ లిస్టులో పేరు లేదు. ఆహ్వానాలు లేకపోతే మిగిలేది ఓపెన్ టోర్నమెంట్లు. పెద్ద రేటింగున్నవాళ్ళు వాటి జోలికి పోరు, ఎందుకంటే లెక్క అట్లుంటది. మీకన్నా 300 పాయింట్లు తక్కువున్నవాడిని గెలిస్తే వచ్చేది ఒకటిన్నర పాయింటు. డ్రా అయితే పోయేది మూడున్నర. ఓడితే ఎనిమిదిన్నర! మనోడు 2024లో మెనోర్కా లాంటి ఓపెన్లు ఆడి, గెలిచి, ఒకటీ రెండూ పాయింట్లు పోగేసుకుంటూ పైకొచ్చాడు. బ్లాక్‌తో కూడా డ్రాకి ఒప్పుకోని మొండితనం. ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్‌కి మాత్రం 2024లోనూ, 2026లోనూ చోటు దొరకలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అయితే ఒకటి. వాళ్ళ నాన్న న్యూరోసర్జన్. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగొక్కటే చాలదు, మూడు నార్మ్‌లు కావాలి. వాటికి విదేశీ ఆటగాళ్ళతో, గ్రాండ్‌మాస్టర్లతో ఆడి తీరాలి. వాళ్ళు మానుకోటకి రారు కదా. ప్రయాణాలకి, కోచింగ్‌కి డబ్బులుండాలి. అర్జున్ 2018లో, పదిహేను నిండకముందే ఆ మూడూ సాధించాడంటే ఆట అతనిదే, సందేహం లేదు, తెలంగాణకి మొదటి గ్రాండ్‌మాస్టర్ కూడా అతనే. టికెట్లు మాత్రం ఇంట్లోవాళ్ళు కొనివ్వాల్సిందే. క్యూబాలో పోనివ్వని ప్రభుత్వం, మా దగ్గర పోలేని జేబు.

భూపాలపల్లి రూమ్మేట్ అన్నాను కదా. వాళ్ళ నాన్న బొగ్గు బాయిలో దిగేవాడు. వీడు హాస్టల్లో కళ్ళకి టవల్ కట్టుకుని నన్ను ఓడించేవాడు, ఎత్తులు నోటితో చెప్పి. స్కూల్లో ఉన్నప్పుడు రెండు రేటింగ్ టోర్నమెంట్లు ఆడాడట. మూడోది చెన్నైలో. ఎంట్రీ ఫీజు, రైలు, లాడ్జి కలిపి లెక్కేసి వాళ్ళ నాన్న "వచ్చే ఏడు చూద్దాం బిడ్డా" అన్నాడట. తర్వాత ఏడు ఎంసెట్ కోచింగ్.

ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. అర్జున్ ట్వీట్ నాకు మొదట ఫార్వర్డ్ చేసింది వాడే. అప్పుడు వాడి పాస్‌పోర్ట్ కూడా స్టాంపింగ్‌లోనే ఉంది.